పోటు తెలిసిన మనిషి

సెప్టెంబరు 17, శనివారం

ఎడ్విన్ ఇవాళ తనంతట తానే కారు తాళం అడిగాడు.

ఫిబ్రవరి నుంచి ఇదే మొదటిసారి. నది కనపడకుండా కుర్చీని గోడవైపు తిప్పుకొని కూర్చుంటున్నాడు ఇన్నాళ్ళూ. ముప్పై ఏళ్ళపాటు సముద్రంలోంచి నదిలోకి వచ్చే ఓడలెక్కి, వాటికి దారి చూపించి తీసుకొచ్చిన పైలట్టు మా ఆయన, ఆ నదికే వీపు తిప్పాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"జారో. పాత మఠం చర్చి చూద్దాం."

పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప చర్చి గడప తొక్కని మనిషి. ఇంకేమైనా అడిగితే మళ్ళీ గోడవైపు తిరుగుతాడని నోరు మూసుకున్నాను. ఎక్కడికైనా తిప్పమని డాక్టరు చెప్పనే చెప్పాడు.

చర్చిలో మేమిద్దరమే. బలిపీఠం ఉన్న వైపు కట్టడం పదమూడు వందల ఏళ్ళనాటిదట. ఒక చిన్న కిటికీలో రంగు గాజుముక్కలు, కట్టిన రోజుల్లోవే, మట్టిలో దొరికితే ఏరి మళ్ళీ పెట్టారు. మా అమ్మ ఆడంబరాలు గిట్టని మెథడిస్టు శాఖ మనిషి. ఆమెకి దేవుడంటే సున్నం వేసిన గోడ, హార్మోనియం, ప్రార్థనయ్యాక టీ. ఆ పెంపకం వల్ల రంగుటద్దాల ముందు నాకెప్పుడూ కాస్త బెరుకు. ఎడ్విన్ మాత్రం గోడకి అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"కట్టినవాళ్ళంతా పోయారు. ఇదొక్కటే ఎందుకు మిగిలిందంటావు?" అన్నాడు.

"రాయి కాబట్టి" అన్నాను.

నవ్వాడు. ఎడ్విన్ నవ్వాడు.

సెప్టెంబరు 18

గుడ్లు, బేకన్, రొట్టె అన్నీ తిన్నాడు.

పెగ్గీ రాబ్సన్ ఇంటికి వెళ్ళాలి. ఆమె మొగుడు లెన్ పోయాక సరిగా వెళ్ళనేలేదు. ఫిబ్రవరిలో ఎడ్విన్‌ని ఓడ మీంచి దింపుకొస్తుండగా, నది సముద్రంలో కలిసే మొగలో లాంచీ తిరగబడింది. లాంచీ నడిపే సరంగు లెన్ పోయాడు, ఎడ్విన్ దక్కాడు. ఎవరి తప్పూ లేదని విచారణలో తేల్చారు. తేలిన సంగతి మళ్ళీ మాట్లాడుకోవడానికేముంది?

సెప్టెంబరు 24

హెక్సమ్. దారిపొడవునా పొలాల్లో గడ్డిమోపులు. శాండ్‌విచ్‌లు పట్టుకెళ్ళాను.

అక్కడి చర్చి కింద నేలమాళిగ ఉంది. మెట్లు ఇరుకు, గోడలు చెమర్చి ఉన్నాయి. రోమన్లు కట్టినవాటిని పడగొట్టి, ఆ రాళ్ళతోనే కట్టారట. ఏదో రోమన్ రాత చెక్కిన రాయొకటి గోడలో ఉంది. చదివేవాడు లేక ఊరుకుంది. ఈ దేశంలో భక్తి అంతా ఇలాగే ఉంటుంది కాబోలు, ఒకరు కూల్చింది ఏరుకొని ఇంకొకరు కట్టడం.

నేను పైకి వచ్చేశాను. ఎడ్విన్ రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. చర్చి చూసుకునే పెద్దమనిషి నా పక్కన నిలబడి మెట్లలోకి తొంగిచూశాడు.

"పూర్వం మహాత్ముల ఎముకలు పెట్టిన చోటమ్మా అది. ఇప్పుడు ఖాళీయే. మీ ఆయన్ని ఉంచేసుకోమంటారా?" అన్నాడు.

"ఆయన ఎముకలు నాక్కావాలి, పంపించండి" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఎడ్విన్ పైకి వచ్చి, బలిపీఠం ముందున్న పాత రాతి ఆసనం మీద తిన్నగా వెళ్ళి కూర్చున్నాడు. కూర్చోకూడదేమోనని నేను కంగారుపడ్డాను. పెద్దాయన ఏమీ అనలేదు సరికదా, కథ చెప్పాడు. ఎంత నేరం చేసినవాడైనా పరుగెత్తుకొచ్చి దాని మీద కూర్చుంటే ఇక ఎవరూ ముట్టుకోకూడదట, రాజుగారి మనుషులైనా సరే.

"మరి చచ్చినవాళ్ళు?" అన్నాడు ఎడ్విన్.

"ఏమన్నారు?"

"చచ్చినవాళ్ళు వెంటపడి వస్తే? వాళ్ళూ ముట్టుకోకూడదా?"

పెద్దాయన నావైపు చూశాడు. నేను సంచిలో శాండ్‌విచ్‌ల కోసం వెతికాను.

ఎడ్విన్ మొదటినుంచీ అంతే, ఇలాంటి వెటకారాలు ఆయనకి అలవాటు.

అక్టోబరు 1

డరమ్. వాన. పెద్ద చర్చిలో అడుగుపెట్టగానే, ఆ స్తంభాలు చూసి నాకు ఊపిరాడలేదు. తిమింగలం నోట్లోకి వెళ్ళినట్టుంది.

తలుపుకి దూరంగా నేలలో ఒక నల్లరాతి గీత ఉంది. పూర్వం ఆడవాళ్ళు ఆ గీత దాటకూడదట. కత్‌బర్ట్ మహాత్ముడికి ఆడవాళ్ళు గిట్టరని సన్యాసులు పుట్టించిన మాట. ఇప్పుడెవరూ ఆపరు, అయినా నా కాళ్ళు ఆగాయి. ఎడ్విన్ వెనక్కి చూడకుండా దాటి వెళ్ళిపోయాడు. స్తంభాల మధ్య ఆయన వీపు చిన్నదైపోతూ ఉంటే, ఎందుకో గట్టిగా పిలవాలనిపించింది. చర్చిలో అరవకూడదు కదా అని ఊరుకున్నాను.

చివరికి నేనూ వెళ్ళాను. బలిపీఠం వెనక ఆ కత్‌బర్ట్ సమాధి, నేలమీద ఒక బండ, దాని మీద పేరు, అంతే. సముద్రం మీంచి డేన్లు వచ్చి దాడిచేస్తే ఆయన శవపేటికని భుజాన వేసుకొని ఊరూరా తిరిగారట సన్యాసులు. తర్వాత హెన్రీ రాజు మనుషులు వచ్చి వెండీ బంగారం ఒలుచుకుపోయారు. మిగిలింది ఈ బండ. మా అమ్మకి ఇది నచ్చేది.

ఎడ్విన్ దాని పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. ఆ మోకాళ్ళు వంగి ఎన్నేళ్ళయిందో!

"రాత్రిళ్ళు సముద్రంలో మెడలోతు నీళ్ళలో నిలబడి ప్రార్థన చేసేవాడట ఈయన" అన్నాడు మెల్లగా. "ఒడ్డుకి వస్తే నీటికుక్కలు వచ్చి కాళ్ళకి ఒళ్ళు రుద్ది వెచ్చబరిచేవట."

"మన సముద్రంలోనా? చచ్చిపోడూ చలికి?"

"సముద్రం తనకి కావలసినవాళ్ళనే తీసుకుంటుంది పిల్లా." బండ మీద అరచెయ్యి పెట్టాడు. "ఒక్కోసారి పొరపాటు పడుతుంది."

"లే, మోకాళ్ళు పట్టేస్తాయి" అన్నాను.

అక్టోబరు 2

మాంసం కూరి కాల్చే పై రొట్టె చేసి పట్టుకొని పెగ్గీ ఇంటికి వెళ్ళాను. పెగ్గీ చిక్కిపోయింది కానీ నోరు మాత్రం చిక్కలేదు.

"రా రా డోరా, దారి మర్చిపోయావనుకున్నా. మీ ఆయనకి మాత్రం బాగా గుర్తుంది."

"ఎడ్విన్ వస్తున్నాడా?"

"వస్తే బావుండును. ఎదురుగా దీపస్తంభం కింద నిలబడతాడు. రోజూ పొద్దున్నే. తలుపు తీస్తే వెళ్ళిపోతాడు. వీధంతా నాకు కొత్త మొగుడు దొరికాడనుకుంటోంది, అదీ ఇంత ముసలోడు!"

నవ్వింది. నేనూ నవ్వబోయాను. పెగ్గీ నవ్వు ఆపేసి నా చెయ్యి పట్టుకుంది.

"నాకు భయంగా ఉంది డోరా. ఆయన చూపు బాలేదు. కాస్త కనిపెట్టుకొని ఉండు."

పై రొట్టె బాగా కుదిరింది. పైపొర కొంచెం మాడింది.

అక్టోబరు 3

పెగ్గీ వీధి మీంచే కదా సముద్రానికి దారి. నడుస్తూ మధ్యలో ఆగి ఉంటాడు.

అక్టోబరు 8

పొద్దున్నే ఆయన వెనకాలే వెళ్ళాను, చెప్పకుండా. పెగ్గీ వీధిలో ఆగాడు. తర్వాత ఇసుకలోకి దిగాడు. బూట్లు విప్పి పక్కపక్కనే పెట్టాడు. కోటుతోనే నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళు, నడుము, ఛాతీ. అక్కడ ఆగి నది మొగవైపు తిరిగి నిలబడ్డాడు. అల వచ్చినప్పుడల్లా తల మాత్రమే కనపడుతోంది.

ఆయనకి ఈత రాదు. పాతకాలం పైలట్లు చాలామంది నేర్చుకోలేదు, మునిగే బాధ ఎక్కువసేపు ఉండకూడదని.

నేను గోడ పక్కనే నిలబడిపోయాను. పిలిస్తే ఉలిక్కిపడి కాలు తప్పుతాడేమోనని. బయటికి వచ్చాడు చివరికి, బూట్లు చేత్తో పట్టుకొని. నేను ముందుగా ఇల్లు చేరి కెటిల్ పెట్టాను.

"తడిశావే?"

"అల కొట్టింది" అన్నాడు.

చన్నీళ్ళు నరాలకి మంచివని ఎక్కడో చదివాను.

అక్టోబరు 9

ఆ సంగతి ఇక రాయను.

అక్టోబరు 12

ఎడ్విన్ చాలా హుషారుగా ఉన్నాడు. ఇంటిని వెచ్చబరిచే బాయిలర్ ఆరిపోతే ఎలా వెలిగించాలో నాకు నేర్పాడు. నీళ్ళ పైపు కట్టేసే చోటు చూపించాడు. చూపించి నాచేతే మళ్ళీ చేయించాడు.

"ఇన్నేళ్ళూ నువ్వే చేశావుగా, ఇప్పుడు నాకెందుకు?"

"తెలిసుంటే మంచిది పిల్లా."

ఇంటి మీద ధ్యాస వచ్చింది, సంతోషం. శుక్రవారం హోలీ ఐలాండ్ వెళ్దామన్నాడు. ఒకప్పుడు కత్‌బర్ట్ ఉన్న దీవి. ఒక రాత్రి ఉండి వద్దామన్నాడు.

ఒంట్లో ఏదో నలతగా ఉంది నాకు. చలి కాబోలు.

అక్టోబరు 14, శుక్రవారం. దీవిలో

పోటుకి మునిగిపోయే రోడ్డు అది, నీళ్ళు తీసి ఉన్నప్పుడు కారులో వచ్చేశాం. మేం దిగిన ఇల్లుగలావిడ పేరు ఎల్స్‌పెత్. భారీ మనిషి, గొంతు కూడా అంతే. వంటింటి తలుపుకి ఆటుపోట్ల పట్టిక మేకుకొట్టి ఉంది.

"ఇక్కడ మేం గడియారం చూసి బతకం తల్లీ, నీళ్ళు చూసి బతుకుతాం. లండన్ వాళ్ళొచ్చి ఏటేటా కార్లు నానబెట్టుకుంటారు" అంది. ఎడ్విన్ పట్టిక ముందు నిలబడి వేలితో ఒక వరుస వెంట గీశాడు. తల ఊపాడు.

సాయంత్రం మఠం శిథిలాల్లో తిరిగాం. కప్పు లేదు. ఒక్క రాతి వంపు మాత్రం ఇంద్రధనుస్సులా ఆకాశంలో మిగిలింది, దేన్ని పట్టుకొని నిలబడిందో తెలియదు. రాళ్ళు ఊడదీసి కోటకి వాడుకున్నారట. గాలి తగ్గినప్పుడు ఇసుక తిన్నెల మీంచి సీళ్ళనే సముద్రజంతువుల ఏడుపు వినిపిస్తుంది. సీళ్ళే అని ఎల్స్‌పెత్ చెప్పింది. చెప్పకపోతే మనుషులనుకునేదాన్ని.

ఎడ్విన్ నా చెయ్యి పట్టుకొని నడిచాడు. ఎన్నో ఏళ్ళయింది అలా నడిచి. నేను ఎందుకో ఏడ్చాను.

అక్టోబరు 16, ఆదివారం

నిన్నటిది రాయాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎడ్విన్ అన్నాడు, "యాత్రికుల పాత దారిన ఇసుక మీద నడిచి అవతలి ఒడ్డుకి వస్తాను. నువ్వు ఇప్పుడే కారు తీసుకొని రోడ్డున దాటి, అక్కడ ఆగు." పాత దారంటే ఇసుకలో వరసగా పాతిన పొడుగాటి కర్రలు, వాటి వెంట నడవడమే. సరే అన్నాను. నా నుదుటిమీద ముద్దు పెట్టి వెళ్ళాడు.

నేను సంచి సర్దుకొని ఎల్స్‌పెత్‌కి చెప్పడానికి వంటింట్లోకి వెళ్ళాను.

"నడిచా? ఇప్పుడా?" ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది. "సగం దారిలో ఉండగా పోటు వచ్చేస్తుంది! మీ ఆయన పట్టిక తప్పు చూసుకున్నాడు."

"పొరపాటు పడ్డాడేమో" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది, నా చెవిన పడింది. ముప్పై ఏళ్ళు. ఓడలన్నీ ఆయన చెప్పే నీటి లెక్క మీద నడిచాయి. కళ్ళు మూసుకొని వాసన చూసి చెబుతాడు పోటు మొదలైందో లేదో.

ఎడ్విన్ పొరపాటు పడలేదు.

"లైఫ్‌బోటుకి ఫోన్ చెయ్యండి" అని అరిచి పరుగెత్తాను.

ఇసుకలో దూరంగా కర్రల పక్కన చిన్న నల్లగీతలా కనిపించాడు. బూట్లు బురదలో ఇరుక్కుంటే వదిలేశాను. మేజోళ్ళతోనే పరుగెత్తాను. ఈ వయసులో అంత పరుగు నాలో ఉందనుకోలేదు. పిలిచాను. ఈసారి గొంతు చించుకొని పిలిచాను. ఆగి తిరిగాడు. ఆయన మొహం అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు.

"కారు తీసుకెళ్ళమన్నానా లేదా! వెనక్కి పో!"

"నువ్వొస్తే పోతా."

"నీళ్ళొస్తున్నాయి డోరా."

"తెలుసు. నీకూ తెలుసు."

తిరిగి నడవడం మొదలుపెట్టాడు. నేనూ నడిచాను. ఆయన వేగం పెంచితే నేనూ పెంచాను. అలలేమీ రాలేదు, చప్పుడూ లేదు. ఇసుకలో గీతలన్నీ ఒకేసారి మెరవడం మొదలుపెట్టాయి, అంతే. చూస్తుండగానే రెండు వైపులనుంచీ నీళ్ళు కలుసుకున్నాయి. చీలమండలు. పిక్కలు. నొప్పెట్టే చలి.

"పో అంటుంటే వినవేం, మొండి ముండా!" అని అరిచాడు.

"నీతోనే వస్తా. ఎక్కడికైనా."

అది బెదిరింపు కాదు. దేవుడి సాక్షిగా నాకు వేరే ఉపాయం లేదు.

వెనక్కి చూశాడు, నన్ను కాదు, నీళ్ళని. దీవి, అవతలి ఒడ్డు, కర్రలు, ఒక్కోటీ చూశాడు. ఆయన మొహం మారిపోయింది. ఓడ మీద నిలబడ్డప్పటి మొహం అది.

"వెనక్కి వెళ్ళలేం ఇక. నా చెయ్యి పట్టుకో. ఎడమకి రా. అక్కడ లోతు. ఆగకు, ఆగితే ఇసుక పట్టేస్తుంది."

కర్రల వరసలో ఒకచోట ఎత్తైన కాళ్ళ మీద చిన్న చెక్కగది కట్టి ఉంది, పోటులో చిక్కుకున్నవాళ్ళ కోసం. అక్కడికి చేరేసరికి నీళ్ళు నా నడుం దాటాయి. నన్ను ముందు నిచ్చెన ఎక్కించాడు. నేను పైనుంచి ఆయన కోటు కాలరు రెండు చేతులా పట్టుకొని, ఆయన లోపలికి వచ్చేదాకా వదల్లేదు.

చుట్టూ ఇసుక లేదు. సముద్రమే. గది కింద నీళ్ళు తడుతూ ఉంటే నేల వణికింది. ఎడ్విన్ గోడని పిడికిలితో గుద్దాడు. తర్వాత కూలబడి చెప్పాడు.

"ఓడ మీంచి విసిరిన తాడు ఒక్కటే అందింది డోరా. లెన్ పట్టుకున్నాడు దాన్ని. తెచ్చి నా నడుముకి కట్టాడు. 'ముందు నువ్వెళ్ళు ముసలోడా, నీకు ఈత రాదుగా' అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నాకు అరవై. వాడింకా నలభై దాటలేదు. నేను వద్దనలేదు. ఒక్కసారి, మాటవరసకైనా వద్దనలేదు."

విచారణలో ఈ మాట చెప్పలేదు. నాకూ చెప్పలేదు. పెగ్గీకీ.

నీ తప్పేమీ లేదనాలనుకున్నాను. అందరూ అదే అన్నారుగా, ఏం లాభం? నాకు నిజంగా అనిపించిందే అన్నాను.

"నువ్వు వద్దనలేదు, అందుకే నాకు దక్కావు. నాకు సంతోషంగా ఉంది. అది పాపమైతే అందులో నాకూ వాటా ఉంది."

ఆయన తల నా ఒళ్ళో పెట్టి అరిచాడు. ఏడుపు కాదు, అరుపు. ఆపలేదు నేను.

వెలుతురు ఉండగానే లైఫ్‌బోటు వచ్చింది. ఎల్స్‌పెత్ చెప్పడంతో పైలట్టని వాళ్ళకి తెలిసిపోయింది. "ఏం పైలట్టుగారూ, నీళ్ళు తడిగా ఉంటాయని ఎవరూ చెప్పలేదా?" అని ఒకతను చెయ్యి చాపాడు. ఆ చెయ్యి చూసి ఎడ్విన్ బిగుసుకుపోయాడు.

"ముందు నువ్వు దిగు" అన్నాడు నాతో.

నేను కదల్లేదు. ఆయన్ని ఆ గదిలో వెనక వదిలి ఒక్క మెట్టు కూడా దిగను. పడవలో అతను అర్థంచేసుకున్నాడో ఏమో, వెటకారం మాని, "రండి పెద్దాయనా, తొందరేం లేదు" అన్నాడు. ఎడ్విన్ దిగాడు. అప్పుడు దిగాను.

అక్టోబరు 17

డాక్టరుకి అన్నీ చెప్పాను. ఎనిమిదో తారీకు సంగతి కూడా. ఎడ్విన్ పక్కనే కూర్చొని విన్నాడు. కాదనలేదు.

అక్టోబరు 20

పెగ్గీ ఇంటికి వెళ్ళాం. ఈసారి దీపస్తంభం దగ్గర ఆగనివ్వలేదు. ఎడ్విన్ కూర్చోకుండానే చెప్పాడు, టోపీ చేతిలో నలుపుకుంటూ. తాడు సంగతి, లెన్ మాట, తను వద్దనని సంగతి.

పెగ్గీ సింకు దగ్గర అటు తిరిగి నిలబడింది. కుళాయి నీళ్ళు కెటిల్ నిండి పొర్లిపోతున్నాయి, కట్టలేదు.

"నవ్వుతూ అన్నాడా?"

"నవ్వుతూనే."

"వెధవ" అంది. "బస్సులో కూడా అంతే, ఎవడో ముసలాడు కనపడితే చాలు, లేచి నిలబడేవాడు. పక్కన పెళ్ళాం ఉందని కూడా చూసుకోడు."

తర్వాత కెటిల్ సింకులో విసిరికొట్టింది.

"క్షమించమని అడక్కు ఎడ్విన్. నా దగ్గర లేదది. ఇవాళ్టికి వెళ్ళండి."

తలుపు దాకా వచ్చాం. వెనకనుంచి అంది, "బుధవారం రండి. వాడు ఇంకేమన్నాడో వినాలి నాకు. ప్రతి ముక్కా."

అక్టోబరు 24

ఎడ్విన్‌ని కొండమీది మానసిక ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆయనే అడిగాడు. ఇంట్లో ఉంటే తన మీద తనకి నమ్మకం లేదన్నాడు. సంతకం చేసేటప్పుడు నావైపు చూశాడు. బుధవారం పెగ్గీయే అక్కడికి వస్తానంది.

ఇల్లు ఖాళీగా ఉంది. బయట చూస్తే గాలివాన.

అక్టోబరు 26

పెగ్గీని నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను, లోపలికి తనొక్కతే వెళ్ళింది. చాలాసేపు ఉంది. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. కళ్ళు వాచి ఉన్నాయి. కారు నడపబుద్ధి కాక బస్సులో వచ్చాం, నా భుజం మీద నిద్రపోయింది.

అక్టోబరు 28

ఇవాళ వాళ్ళు ఎడ్విన్‌ని చూడనివ్వలేదు. "కొంచెం బాలేదు, రేపు రండి" అంది నర్సు. ఏమైందంటే చెప్పలేదు. కారిడార్‌లో కాసేపు కూర్చొని వచ్చేశాను.

అక్టోబరు 29

పొద్దున్నే వెళ్ళాను. కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టారు. మందుల వల్ల మాట ముద్దగా ఉంది, చేతికి కట్టు ఉంది. కట్టు గురించి నేను అడిగాను. ఇదివరకైతే అడిగేదాన్ని కాదు. తనే చేసుకున్నదని చెప్పాడు, దాచకుండా. విన్నాను.

గంట కొట్టి వెళ్ళమంటుంటే లేచాను.

"డోరా, ఇక్కడి కూర ఉప్పూ కారం లేకుండా చస్తోంది. రేపొచ్చేటప్పుడు నువ్వు వెనిగర్‌లో వేసిన ఉల్లిపాయలు పట్టుకురా."

రేపు అన్నాడు.

నమ్మానో లేదో నాకే తెలియదు. సీసా తీసి తుడిచి సంచిలో పెట్టాను. సంచి గుమ్మం దగ్గర పెట్టాను. మొదటి బస్సుకే వెళ్తాను.